సినిమా బాగాలేదంటే ఇంట్లో గొడవ… ఇక నోరు మూసుకోవాలా?

కడప నుంచి ఒక అక్క రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, మధ్యలో సినిమాల గురించే రెండు పేజీలు ఉంది. కొన్ని వివరాలు తగ్గించి సంగతి చెప్తాను.

ఆమెకు యాభై ఐదేళ్లు, చదువు ఇంటర్ దాకా. భర్త ఈ ఏడాదే రిటైరయ్యారు. కొడుకు, కోడలు, ఏడాదిన్నర మనవరాలు, ఎనభై దాటిన అత్త, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. మోకాళ్ల నొప్పులతో ఆమె బయట తిరగడం తగ్గాక కొడుకు హాల్లో పెద్ద టీవీ పెట్టించి ఓటీటీలన్నీ వేయించాడు. అప్పట్నుంచి వచ్చిన సినిమా వచ్చినట్టు, సిరీస్ వచ్చినట్టు చూస్తున్నారు. చూసిన ప్రతిదాని మీదా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెడతారు. ఆ గ్రూపులో అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు అందరూ ఉన్నారు. మొదట్లో "చిన్నమ్మ చూసి చెప్పినాక చూద్దాంలే" అని నవ్వుకునేవాళ్లట. బలగం చూసి రెండు రోజులు మనసు బాగోలేదన్నారు. 90's సిరీస్‌లో మార్కుల కాగితం చూసే ఆ లెక్కల మాస్టారు మొహం అచ్చం మా నాయన మొహమే అన్నారు. రానా నాయుడు పది నిమిషాలకే కట్టేశారట, పక్కన అత్త కూర్చుని ఉన్నారు మరి. పుష్ప గురించి "ఎర్రచందనం మా కడప అడవుల్లో లేదా, యాస మాత్రం చిత్తూరుదే ఎందుకు పెడతారు" అని అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే.

ఇప్పుడు మూడు చోట్ల తేడా వచ్చింది. మొదటిది భర్తతో. ఆయన సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, ఇంద్ర, ఆది, ఈ ఫ్యాక్షన్ సినిమాల్లో ఏది టీవీలో వచ్చినా కదలరు. ఒక రోజు వియ్యంకులు ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ ఈమె "ఇట్లాంటివి చూసే మన జిల్లా పేరు చెప్తే హైదరాబాదులో ఇల్లు అద్దెకియ్యరు, మనోళ్లే ఎగబడి చూస్తారు, బుద్ధి లేక" అనేశారు. ఆ రోజు నుంచి ఆయన ఈమెతో కలిసి టీవీ ముందు కూర్చోవడం లేదు.

రెండోది కోడలితో. ఆ అమ్మాయికి కొరియా సిరీస్‌లంటే ఇష్టం. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ చూపించింది. చూశాక ఈమె గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజ్: "చేయి పట్టుకోవడానికి పదహారు ఎపిసోడ్లు తీసినారు. ఖాళీగా ఉండేవాళ్లకు బాగుంటాది." కోడలు ఏమీ అనలేదు, గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇప్పుడు తన గదిలో ఫోన్‌లోనే చూసుకుంటోంది. కొడుకు మాత్రం "నీ అభిప్రాయం ఎవరడిగినారు మా" అన్నాడట.

మూడోది అసలు ఉత్తరం రాయించింది. ఆమె అక్క కొడుకు హైదరాబాదులో రచయిత. సీమలో జరిగే ఒక వెబ్ సిరీస్‌కు రాసిన బృందంలో అతనొకడు, ఈమధ్యే విడుదలైంది. ఆమె నాలుగు ఎపిసోడ్లు చూసి ఆపేశారు. అతను మూడు వారాల నుంచి "ఎట్లుంది చిన్నమ్మా, నువ్వు చెప్పకుంటే ఎట్లా" అని అడుగుతున్నాడు. వాళ్లమ్మ, అంటే ఈమె అక్క, "గ్రూపులో నాలుగు మంచి మాటలు పెట్టు, పిల్లను చూస్తాండాం" అంటోంది. "ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, అబద్ధం చెప్పలేను, నిజం చెప్తే అక్క దూరమైపోతుంది. అసలు ఇంటర్ చదివిన నాకు సినిమాల మీద మాట్లాడే అర్హత ఉందా, ఇక నోరు మూసుకుని చూడటమే మంచిదా" అని అడిగారు.

అక్కా, ఆఖర్లో అడిగిన అర్హత సంగతి ముందు తేల్చేస్తాను, అన్నిట్లోకీ అదే తేలిక. సినిమా గురించి మాట్లాడటానికి చదువు అక్కర్లేదు. 1951లో మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి గారు మీ కడప జిల్లా మనిషి. ఆయన తమ్ముడు నాగిరెడ్డి గారు నిర్మాతగా 1957లో వచ్చిన మాయాబజార్‌కు దర్శకుడు కె.వి.రెడ్డి గారిది పక్కనే తాడిపత్రి వైపు. ఆ సినిమాలను నెత్తిన పెట్టుకున్న జనంలో సగం మంది సంతకం కూడా రాని వాళ్లు. టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూసి, ఏ సీను పండిందో ఏది తేలిపోయిందో ఇంటికి నడుచుకుంటూ పోయేటప్పుడే తేల్చేసేవాళ్లు. వాళ్లకున్న అర్హతే మీకూ ఉంది. పైగా మీరు "బాగుంది, బాగాలేదు" దగ్గర ఆగరు, ఎందుకో కూడా చెప్తారు. ఆ మాస్టారి మొహం గురించి మీరన్న మాట నాకు చాలా సమీక్షల కన్నా నచ్చింది. కాబట్టి నోరు మూసుకోవడం అనే దారిని నేను సిఫారసు చేయను. ఒకవేళ మీరు ఆ దారే పట్టినా ఎక్కువ రోజులు నిలబడదు. మీలాంటి వాళ్లు మాట ఆపేస్తే అది మొహంలో కనపడుతుంది, వంటింట్లో గిన్నెల చప్పుడులో వినపడుతుంది. అప్పుడు గొడవ సినిమా గురించి కూడా కాకుండా పోతుంది.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివితే నాకు కనిపించింది వేరే సంగతి. మీకు గొడవ తెచ్చిన మాటల్లో సినిమా మీద అన్నవి నిజానికి చాలా తక్కువ. భర్త విషయంలో చిక్కు తెచ్చింది "బుద్ధి లేక" అన్న మాట. కోడలి విషయంలో "ఖాళీగా ఉండేవాళ్లకు" అన్న మాట. సినిమా మీద మీరు ఎంత కారంగా మాట్లాడినా ఎవరూ నొచ్చుకోలేదు, నవ్వారు. దాన్ని ఇష్టపడే మనిషి మీదికి మాట జారినప్పుడే తెగింది. ఈ రెండూ వేరని మీకు తెలియదని కాదు, వాయిస్ మెసేజ్ ఊపులో రెండూ కలిసిపోతున్నాయి, అంతే.

మీ ఆయన సంగతి చూద్దాం. మీ కోపం న్యాయమైనదే, దాన్ని తగ్గించి మాట్లాడను. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి ఆడిన తీరు చూసి ఆ తర్వాత కొన్నేళ్లు వరసపెట్టి అదే మూస పోశారు. సుమోలు, కత్తులు, బాంబులు, తెల్ల చొక్కాలు, గడప దగ్గర ఏడ్చే ఆడవాళ్లు. కర్నూలు అంటే కొండారెడ్డి బురుజు దగ్గర మహేశ్ బాబు కొట్టే దెబ్బ, అనంతపురం అంటే రక్తచరిత్ర, అంతకు మించి ఏమీ లేనట్టు. వేరుశనగ ఎండిపోయిన చేను, బోరు కోసం చేసిన అప్పు, మూటాముల్లె సర్దుకుని బెంగళూరు రైలెక్కిన కుటుంబం ఎవరికీ కథగా కనపడలేదు. ఇల్లు అద్దెకిచ్చే ముందు "ఏ ఊరు మీది" అని అడిగి మొహం మార్చుకునే ఓనర్లను సీమ పిల్లలు హైదరాబాదులో చాలామంది చూసే ఉంటారు. ఇదంతా నిజమే. కానీ ఆ సినిమాలు తీసింది మీ ఆయన కాదు కదా. తీసినవాళ్లు దొరకరు, సోఫాలో ఆయన దొరికారు.

ఇంకోటి, ఆయన వాటిలో చూస్తున్నది కడపను అని మీరు అనుకుంటున్నారు. నాకైతే అట్లా అనిపించడం లేదు. ఆయన తన హీరోలను చూస్తున్నారు. 1999లో ఆయనకు ముప్పై ఐదు దాటి ఉంటాయి. ఉద్యోగం, స్నేహితులు, మొదటి రోజు మొదటి ఆట, టిక్కెట్ల దగ్గర తోపులాట, బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర గంటసేపు కబుర్లు, మీరు రాయలేదు కానీ ఇవన్నీ ఉండే ఉంటాయి. రిటైరైన ఏడాదిలో మగవాడు ఇంట్లో కూర్చుని పాత సినిమాలు తిరగేస్తున్నాడంటే అందులో కథ కోసం వెతకడు. అట్లాంటి టైంలో వియ్యంకుల ముందు బుద్ధి లేదనిపించుకున్నారు పాపం.

ఇప్పుడు ఏం చేయొచ్చు? ఆ సినిమాలు వచ్చినప్పుడల్లా మీరు లేచి వెళ్లిపోవచ్చు, గొడవ ఉండదు, కానీ ఆయన ఒక గదిలో మీరొక గదిలో అన్నట్టు ఇప్పుడున్న పద్ధతే కొనసాగుతుంది. లేదా వియ్యంకుల ముందు అన్న మాట వరకు తప్పయిందని ఆయనకు విడిగా చెప్పి, సినిమాల మీద వాదన మాత్రం అట్లే ఉంచుకోవచ్చు. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, ఆ మాట చెప్పిన వెంటనే మీరు "అయినా ఆ సినిమాలు మాత్రం…" అని మొదలుపెట్టకూడదు, కనీసం ఆ పూటకు. మూడో దారి, ఇద్దరికీ సరిపోయేది ఒకటి వెతకడం. మర్యాద రామన్న గురించి మీరు "సైకిలు మాట్లాడటం తప్ప ఏముంది" అని కొట్టిపారేశారు చూడండి, అక్కడ నేను మీతో ఒప్పుకోను. పగ పట్టినవాళ్ల ఇంట్లో అతిథిని చంపరు, గడప దాటితే చంపుతారు, కాబట్టి హీరో గడప దాటకుండా తిప్పలు పడతాడు. ఫ్యాక్షన్ పౌరుషాన్ని చూసి జనం భయపడే బదులు పగలబడి నవ్వేట్టు తీసిన తెలుగు సినిమాలు ఇంకెన్ని ఉన్నాయి చెప్పండి? దాని మూల కథ 1923లో బస్టర్ కీటన్ తీసిన అమెరికా మూకీ సినిమాది. అక్కడా రెండు కుటుంబాలు, తరాల పగ. అంటే పగలూ ప్రతీకారాలూ మన సీమ నెత్తినే రాసిపెట్టిన రాత కాదన్నమాట. ఆయనకు ఈ సంగతి చెప్పి మళ్లీ ఒకసారి పెట్టి చూడండి. లేదంటే అరవింద సమేత. ఫ్యాక్షన్ సినిమాకు కావాల్సిన హంగులన్నీ ఉంటూనే, ఈ చంపుకోవడం ఆగాలి అని హీరోనే పట్టుబడతాడు. ఆయనకు మొదటి అరగంట నచ్చుతుంది, మీకు మిగతాది. రానంటే రానివ్వండి, బలవంతంగా కూర్చోబెట్టొద్దు.

కోడలి విషయం దీనికంటే సున్నితమైనది, మీరు దాన్ని తేలిగ్గా రాసి దాటేశారు. ఉత్తరంలో మీరు ఎక్కడో మధ్యలో ఒక్క ముక్క రాశారు, పాప పుట్టినాక ఉద్యోగం మానేసిందని. మళ్లీ ఆ వాయిస్ మెసేజ్ వినండి. "ఖాళీగా ఉండేవాళ్లకు." మీరు సిరీస్ సాగదీశారని అన్నారు, ఆ అమ్మాయికి వినపడింది తన ఉద్యోగం గురించి. అదీ బంధువులందరూ ఉన్న గ్రూపులో. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు, ఆమెకు తెలిసే దారి మాత్రం లేదు.

మీ అభిప్రాయం కూడా ఈసారి అంత గట్టిదేం కాదు అక్కా, నిష్ఠూరంగా చెప్తున్నా ఏమనుకోకండి. చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశానని మీరే రాశారు. కింద ఇంగ్లిష్ అక్షరాలు పరుగెత్తుతుంటే సగమే చదవగలిగానని కూడా మీరే రాశారు. కోడలు మధ్యమధ్యలో ఆపి చెప్పిందట. దక్షిణ కొరియా అమ్మాయి పారాగ్లైడింగ్ చేస్తూ గాలివానలో ఉత్తర కొరియాలో పడిపోతుంది, అక్కడొక సైనికాధికారి ఆమెను దాచిపెడతాడు. దొరికితే ప్రాణాలమీదికొస్తుంది. అట్లాంటి చోట చేయి పట్టుకోవడానికి టైం పట్టదా మరి? అయినా కార్తీక దీపం 2017 నుంచి 2023 దాకా అత్తతో కలిసి ఒక్కరోజు తప్పకుండా చూశానని గర్వంగా రాశారు. భార్య మీద డాక్టరు బాబుకున్న అనుమానంతో మొదలై పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు సాగిన సీరియల్‌కు ఓపిక పట్టినవాళ్లకు పదహారు ఎక్కువయ్యాయా!

సరే, వేళాకోళం పక్కన పెడితే, కోడలు మీకు చూపించింది సిరీస్ ఒక్కటే కాదు. పాప నిద్రపోయిన ఆ గంటన్నరలో తను ఒక్కతే హాయిగా చూసుకోవచ్చు, అట్లా కాకుండా మిమ్మల్ని కూర్చోబెట్టుకుని, ఆపి ఆపి, అర్థం చెప్పి చూపించింది. అంతా అయ్యాక మీరు ఆ తీర్పు ఇచ్చారు.

గ్రూపులో క్షమాపణ పెట్టాలనే ఆలోచన వచ్చిందని రాశారు. అది చేస్తే సంగతి ఇంకా పెద్దదవుతుంది. తెలియని వాళ్లకూ తెలుస్తుంది, ఆమె కూడా అందరి ముందూ "అయ్యో పర్వాలేదత్తా" అనక తప్పదు, లోపల ఏమున్నా సరే. ఊరుకుంటే కాలమే సర్దుతుంది అనుకోవచ్చు, సర్దుతుంది కూడా, కానీ టీవీ ముందు మీ పక్కన ఆ చోటు ఖాళీగానే ఉండిపోవచ్చు. నేనైతే పాప నిద్రపోయినప్పుడు రెండే రెండు మాటలు చెప్తాను: ఆ ఖాళీ అన్న మాట నిన్ను ఉద్దేశించి కాదు, అయినా అనకూడని మాట. అక్కడితో ఆపేయాలి. "నేను సరదాకు అన్నా" అని తోక తగిలించొద్దు, తగిలిస్తే నొచ్చుకోవడం ఆమె తప్పయిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా, ఈసారి ఏదైనా తెలుగులో ఉన్నది చూద్దామా, నువ్వే చెప్పు అని అడగండి. ఆమెకు తోచకపోతే సివరపల్లి ఉంది. హిందీలో పేరు తెచ్చుకున్న పంచాయత్‌ను తెలంగాణ పల్లెకు తెచ్చి తీశారు, 2025లో వచ్చింది, అక్షరాల వెంట పరుగెత్తే పని లేదు, మీ అత్త పక్కన కూర్చున్నా ఇబ్బంది లేదు. వెంటనే ఒప్పుకుంటుందని మాత్రం అనుకోకండి. ఒకటి రెండుసార్లు "తర్వాత చూద్దాంలే అత్తా" అంటుంది. అననివ్వండి.

కొడుకు మాట గురించి మీరు చాలా బాధపడ్డారు. వాడు చెప్పిన తీరు బాగాలేదు, పెళ్లాం పక్షాన నిలబడటం మాత్రం బాగుంది. రెండూ వాడికి చెప్పండి, సరిపోతుంది.

ఇక గ్రూపు. ఒక చిన్న ఫిర్యాదు నా తరఫున కూడా. దృశ్యం 2 ఆఖర్లో ఏం జరుగుతుందో విడుదలైన మర్నాడే వాయిస్ మెసేజ్‌లో చెప్పేశానని నవ్వుతూ రాశారు. అది నవ్వే విషయం కాదు! మీ చెల్లెలి అల్లుడు గ్రూపును మ్యూట్‌లో పెట్టాడన్నారు కదా, నాకైతే కారణం అదే అనిపిస్తోంది. గ్రూపు మానేయాల్సిన పని లేదు. వినాలనుకునే నలుగురితో వేరే గ్రూపు పెట్టుకోవచ్చు, అక్కడ మీ నోటికి అడ్డుండదు, కాకపోతే ఆ నలుగురూ మీ మాటకు తలూపేవాళ్లే అయితే కొన్నాళ్లకు మీకే చప్పగా ఉంటుంది. ఉన్న గ్రూపులోనే పెట్టాలంటే ముగింపు చెప్పకుండా, మనుషుల జోలికి పోకుండా పెట్టండి. మెసేజ్ పంపే ముందు ఒకసారి మీరే వినండి, ఎక్కడ మాట జారిందో మీకే తెలుస్తుంది. మీ చెవి అంత మంచిది.

ఇప్పుడు అక్క కొడుకు. భర్తకు ఆ సినిమాలు పాత రోజుల జ్ఞాపకం, కోడలికి ఆ సిరీస్ ఒక తోడు, ఈ అబ్బాయికి మాత్రం ఇది అన్నం పెట్టే పని. అందుకే ఇక్కడ మీరు ఏం చెప్పాలి అన్నదానికన్నా ఎక్కడ, ఎవరి ముందు, ఏ వరసలో చెప్పాలి అన్నదే ముఖ్యం.

బాగుందని అబద్ధం చెప్పొచ్చు. అక్క సంతోషిస్తుంది. కానీ వాడు మీ వాయిస్ మెసేజ్‌లు అన్నీ విన్నవాడు. మీరు బలగం గురించి ఎట్లా మాట్లాడారో, వాడి సిరీస్ గురించి ఎట్లా మాట్లాడుతున్నారో పోల్చుకోవడానికి అర నిమిషం చాలు. ఇక మీదట మీరు దేన్ని మెచ్చుకున్నా వాడు నమ్మడు. ఏమీ చెప్పకుండా నెట్టుకురావచ్చు, ఇప్పుడు చేస్తున్నది అదే. మూడు వారాలు జవాబు లేకపోవడమే వాడికి జవాబు. పైగా మీరు మనసులో అనుకున్నదానికంటే ఘోరంగా ఊహించుకుంటూ ఉంటాడు. అన్నీ గ్రూపులో కడిగేయొచ్చు, అప్పుడు మీ అక్క భయపడిందే జరుగుతుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఇట్లాంటి మాట గ్రూపు దాటి ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు.

మిగిలింది ఫోన్. వాడితో ఒక్కడితోనే, తీరిగ్గా, వాళ్లమ్మ పక్కన లేనప్పుడు. ముందుగా మీరు ఒక ప్రశ్న అడగాలి: "దాంట్లో నువ్వు రాసినవి ఏవి రా?" ఎందుకంటే వెబ్ సిరీస్ ఒక్కరి చేతిలో పని కాదు. కథ ఒకరిది, మాటలు ఇంకొకరివి, రచయితలు నలుగురైదుగురు ఉంటారు, దర్శకుడు మారుస్తాడు, నిర్మాత ఒక మాటంటాడు, ఓటీటీ వాళ్లు స్క్రిప్టు చదివి మొదటి పది నిమిషాల్లోనే జనాన్ని కట్టిపడేసేది ఏదో ఒకటి ఉండాలంటారు, అది చాలాసార్లు హత్యే అవుతుంది. నటుడికి యాస రాకపోతే డబ్బింగులో ఇంకేదో అవుతుంది. మీకు నచ్చని వాటిలో సగం వాడికీ నచ్చక, వద్దని చెప్పి, ఓడిపోయి ఉండొచ్చు. అది తెలుసుకోకుండా మొదలుపెడితే వాడు చేయని పనికి వాడిని తిట్టినట్టవుతుంది.

తర్వాత ఆ బోరు సీను. మూడో ఎపిసోడ్‌లో రాత్రిపూట బోరు బండి వచ్చి, ఊరంతా చుట్టూ నిలబడి, గంటలు గంటలు తెల్లటి దుమ్మే వస్తుంటే ఎవరూ ఎవరి మొహమూ చూసుకోకుండా ఉంటారని మీరు రాశారు. "మా పెదనాయన చేనికాడ అచ్చం ఇట్లే నిలబడినాం" అన్నారు. ఉత్తరం మొత్తంలో ఆ సిరీస్ మీద మీరు రాసిన ఒకే ఒక్క మంచి మాట అది, కానీ ఎంత మంచి మాట! అక్కడి నుంచి మొదలుపెట్టండి. పొగిడి తర్వాత తిట్టడానికి వేసే ఎత్తు లాగా వద్దు. ఆ సీను ఎందుకు పండిందో చెప్తే మిగతావి ఎందుకు పండలేదో వాడికి సగం అక్కడే అర్థమవుతుంది. ఒక్క కత్తి లేదు, ఒక్క అరుపు లేదు, అయినా సీమ అంతా అందులో ఉంది.

మిగతా ఫిర్యాదుల్లో ఏవి చెప్పాలి? మీరు చాలానే రాశారు. పూటపూటా రాగిసంగటే తింటున్నారని, ప్రతి ఇంట్లో గోడకు వేటకొడవలి ఉందని, పెళ్లిలో అక్షింతలు వేసే వరస తప్పని, తల్లి పాత్రకు నాలుగు ఎపిసోడ్లలో ఏడుపు తప్ప పని లేదని, ఒకాయన చిత్తూరు యాసలో మాట్లాడితే ఆయన తమ్ముడు తెలంగాణ యాసలో మాట్లాడుతున్నాడని. ఇవన్నీ ఒకే ఫోన్‌లో చెప్తే వాడికి ఒక్కటీ గుర్తుండదు, తిట్లు తిన్నాననే గుర్తుంటుంది. నా లెక్కలో తల్లి పాత్ర, యాస, ఈ రెండూ చాలు. సంగటి, అక్షింతలు చూసేవాళ్లు క్షమించేస్తారు.

తల్లి పాత్ర గురించి మీరు చెప్పగలిగినంత బాగా హైదరాబాదులో ఎవరూ చెప్పలేరు. పగల కాలంలో ఊళ్లలో ఇళ్లను నడిపింది ఆడవాళ్లు. చేను చూసుకున్నది, కోర్టు వాయిదాలకు డబ్బు సర్దింది, పిల్లలను ఎవరో ఒక బంధువు ఇంటికి పంపి చదివించింది వాళ్లే. వాళ్లు ఏడ్చారు, నిజమే, కానీ ఏడ్చి ఊరుకోలేదు. మీ అత్త కథే మీరు మూడు లైన్లలో రాశారు, ఆ మూడు లైన్లలో ఆ సిరీస్ తల్లికంటే ప్రాణం ఎక్కువ ఉంది.

యాస గురించి కూడా అంతే. సీమ యాస అని ఒక్కటే ఉన్నట్టు సినిమావాళ్లు ఒక డబ్బాలో పోసి పెట్టుకున్నారు, ఏ జిల్లా మనిషికైనా అందులోంచే ఒక గరిటె తీసి పోస్తారు. కర్నూలు వైపు తెలంగాణ గాలి, ఉర్దూ మాటలు కలుస్తాయి. హిందూపురం, మడకశిర పోతే కన్నడం. చిత్తూరు వైపు తమిళం. మీ కడప మాట ఇవేవీ కాదు. ఇది వాడికి తెలియదని కాదు, అక్కడే పుట్టినవాడు. కానీ హైదరాబాదులో గదిలో కూర్చుని రాసేటప్పుడు చెవిలో సినిమా యాసే మోగుతుంది. సినిమా బండి చూశారో లేదో, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో డ్రైవరుకు ఒక కెమెరా దొరుకుతుంది, ఊరోళ్లంతా కలిసి సినిమా తీద్దామంటారు. ఆ మనుషులు మాట్లాడుతుంటే రాసిచ్చిన డైలాగు చెప్తున్నట్టే ఉండదు. వాడికి ఉదాహరణ కావాలంటే అది చూపించండి.

మీరు ఇంకో అడుగు వేయాలనుకుంటే, మీ అత్త మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసి వాడికి పంపొచ్చు. ఎనభై దాటిన మనిషి, అట్లా మాట్లాడేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. అత్తకూ కాలక్షేపం, మీ వాయిస్ మెసేజ్‌లకూ ఒక పని. అయితే పంపిన ప్రతిదీ వాడు వాడుకుంటాడని ఆశపడొద్దు. రెండో సీజన్‌లో మళ్లీ అదే డబ్బా యాస వినపడినా అలగొద్దు. అక్కడ వాడి మాట ఎంత చెల్లుతుందో మనకు తెలియదు.

ఇంత జాగ్రత్తగా చెప్పినా వాడు నొచ్చుకునే అవకాశం ఉంది. రాసేవాళ్లు నొచ్చుకుంటారు. రెండు మూడు రోజులు మాట్లాడకపోతే మీరు మళ్లీ ఫోన్ చేసి సర్దిచెప్పాలని చూడకండి, చెప్పిన దాంట్లో నిజం ఉంటే వాడే చేస్తాడు.

మీ అక్క సంగతి మిగిలింది. ఆమె అడిగింది గ్రూపులో నాలుగు మంచి మాటలు. అబద్ధం లేకుండానే అవి పెట్టొచ్చు, బోరు సీను గురించి ఉత్తరంలో నాకు రాసింది రాసినట్టు చదివి పెట్టండి. ఒక్క సీను గురించి అంత లోతుగా చెప్తే, మొత్తం బాగుంది బాగుంది అనే ఇరవై మెసేజ్‌ల కన్నా పిల్లవాడికి ఎక్కువ గౌరవం. "మరి మిగతాది ఎట్లుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, దృశ్యం అల్లుడు అడుగుతాడు చూడండి. "మిగతాది వాడితోనే మాట్లాడినా" అనండి, అంతకు మించి వద్దు. కాబట్టి ముందు వాడికి ఫోన్, తర్వాతే గ్రూపు. వరస తారుమారైతే గ్రూపులో మెచ్చుకుని ఫోన్లో తీసిపారేశారని వాడికి అనిపిస్తుంది.

రెండో సీజన్ రాస్తున్నాడని ఉత్తరం చివర్లో రాశారు కదా, అందుకే ఇంకో వారం ఆగుదాం అనుకోకండి. స్క్రిప్టు కాగితం మీద ఉన్నప్పుడు చెప్తే వాడు తల్లి పాత్రకు ఒక్క సీనైనా మార్చుకోగలడు. షూటింగ్ మొదలయ్యాక మీరు ఎంత నెమ్మదిగా చెప్పినా వాడి చేతిలో ఏమీ ఉండదు.